పోగులు వేసే గాలయ్య బొటనవేలు

తెలంగాణల ఉన్న కాళ్లన్నీ తెచ్చి తక్కెడల ఒక దిక్కు వేసి, మా తాత గాలయ్య కుడికాలి బొటనవేలు ఒక్కటే ఇంకో దిక్కు పెడితే, ముల్లు మా తాత దిక్కే మొగ్గుతది. ఆ వేలు బాగలేదంటే మర్రిగూడ మండలంల దసరా పండుగను వచ్చే నెలకు జరుపుతరు. కోయించుకుంటే ఈయన చేతుల్నే కోయించుకోవాలె అని మేకపోతులు దేవునికి మొక్కుకుంటయ్. నమ్మనోళ్లు మా వాడకొచ్చి ఎవలనన్న అడగండ్రి. కాకపోతే అడిగే ముందు మా అవ్వ శ్యామలమ్మ దగ్గర్ల లేకుంట చూసుకోండ్రి. ఆ వేలు చేతుల ఎక్కువ బాధపడ్డది ఆమెనే. ఆమె చెప్పే లెక్క వేరే ఉంటది.

ఇగ నిజం చెప్త. దసరానాడు మా వాడోళ్లందరు కలిసి ఒక యాటను, అంటే మేకపోతును తెచ్చుకుంటరు. మిగిలిన రోజులల్ల ఎవరికి వాళ్లు షాపుకు పోయి కిలోనో అర్ధకిలోనో తెచ్చుకున్నా, దసరాకు మటుకు పోగులే. పాత స్కూలు ముందటి గచ్చు మీద టార్పాలిన్ పరిచి, యాటను కోసి, ఇంటికొక పోగు లెక్కన వేస్తరు. ప్రతి పోగుల తొడ ముక్క ఉండాలె, బొక్క ఉండాలె, సీనా అంటే రొమ్ము ముక్క ఉండాలె, కొవ్వు ఉండాలె, పేగుల బోటి ఉండాలె. ఒకరికి అంతా మెత్తటిది, ఒకరికి అంతా బొక్కలు పడితే పండుగ కాదు, పంచాయితి అయితది. పోగులు వేసుడైనంక ఒకాయన వీపు తిప్పి కూసుంటడు. పోగులేసినోడు పుల్లతోటి ఒక పోగును చూపించి ఇదెవరిది అని అడుగుతడు. వీపు తిప్పినాయన చూడకుంటనే ఒక ఇంటి పేరు చెప్తడు. ఆ పోగు ఆ ఇంటిదే. దాని మీద ఇగ నోరెత్తేది లేదు.

కోసేదీ, పోగులేసేదీ మా తాతనే. గొంతుక్కూసొని, కత్తి పిడిని కుడికాలి బొటనవేలికీ పక్క వేలికీ నడుమ ఇరికించి, కత్తిని నిటారుగ నిలబెడుతడు. రెండు చేతుల మాంసం పట్టుకొని ఆ కత్తి మీద లాగుతుంటే ముక్కలు రాలి పడుతుంటయ్. కత్తి ఇసుమంత కదలదు. అంత బలం ఆ వేలుది. దసరా దగ్గరకొస్తుందంటే తాత ఆ ఒక్క వేలికి కొబ్బరినూనె రాసి, ఎండల చాపుకొని కూసుంటడు. మిగిలిన తొమ్మిది వేళ్లు ఏం పాపం చేసినయ్ తాత అంటే, అవి తిని కూసునేటియి అంటడు.

ఈ పనికి కూలి లేదు. యాట కార్జం మొత్తం పోగులేసినోడిది. పని అయినంక మోదుగాకుల పెట్టి అందరి ముందట చేతికిస్తరు. మా వాడల ఇదొక పట్టింపు. ఈ ఏడు కార్జం అందుకున్నోన్నే వచ్చే ఏడు పిలుస్తరు. ఎవరన్న వద్దని చెయ్యి వెనుకకు తీసుకుంటే, అక్కడ ఉన్నోళ్లల్ల ఎవరు చెయ్యి చాపితే ఆ పని వాళ్లది. తాతకు కూడ ఇది అట్లనే వచ్చింది. అంతకు ముందు గురవయ్య అనే పెద్దమనిషి వేసేటోడట. ఆయనకు కండ్లు మసకలై, ఒక దసరాకు రెండు పోగులల్ల బొక్కలే పడ్డయ్. లొల్లి అయింది. గురవయ్య కార్జం ముట్టుకోకుంట లేచి నిలబడ్డడు. అప్పుడు మా తాత ఇంకా మీసం సరిగ రాని పిల్లగాడు. తన ఇంటికి వచ్చిన పోగు తీసి బొక్కల పోగు వచ్చినోళ్లకిచ్చి, వాళ్ల బొక్కలు తను తీసుకొని, ఆ తర్వాత పోయి కార్జం కాడ చెయ్యి చాపిండట. అట్ల చాపిన చెయ్యి ఇగ ఎన్నడు వెనుకకు తీయలేదు.

మిగిలిన రోజులల్ల తాత అందరి లెక్కనే ఒక రైతు. వానను నమ్ముకొని పత్తి, కంది వేస్తడు. బోరు వేస్తే దుమ్ము లేచింది, ఇంకోటి వేస్తే నీళ్లు వచ్చినయ్ గానీ ఆ నీళ్లు తాగితే పండ్లు పచ్చబడ్డయ్. మా దిక్కు నీళ్ల సంగతి అందరికీ ఎరుకే. తాత వాళ్ల అన్న, అంటే మా పెద్దతాత, ఆ నీళ్లకే నడుము వంగి, మెడ తిప్పరాక, ఎవరన్న పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేటోడు. తాత ఆయనను ఎత్తుకపోయి ఎండల కూసోపెట్టేటోడట. అందుకే మా ఇంట్ల ఎవరికి ఏ కీలు నొచ్చినా తాత నోట్లకెల్లి వచ్చే మాట ఒక్కటే, ఫ్లోరైడ్. నాకు చెయ్యి బెణికితే ఫ్లోరైడ్. అవ్వకు మోకాలు పట్టుకుంటే ఫ్లోరైడ్. ఇప్పుడు నల్లాల మంచి నీళ్లు వస్తున్నా, పాత నీళ్లు బొక్కలల్ల దాక్కొని ఉన్నయని చెప్తడు.

కాబట్టి తాత బొటనవేలు మొదటిసారి ఎర్రగ ఉబ్బినప్పుడు కూడ ఆయన ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఫ్లోరైడ్ అన్నడు. దానికి వైద్యం కూడ ఆయననే కనిపెట్టిండు. బొక్కల జబ్బుకు బొక్కల సారమే విరుగుడు గనుక మేక కాళ్ల షోర్వా. ఒంట్ల ఉన్న ఫ్లోరైడ్ బయటికి కొట్టుకపోవాలంటే ఒంటేలు బాగ రావాలె, ఒంటేలు బాగ రావాలంటే బీరు. రెండు మూడు రోజులు కుంటి, వారంల ఆ నొప్పి దానంతట అదే తగ్గింది. తాత షోర్వాకూ బీరుకూ మొక్కిండు. తర్వాత ఏడు మల్ల వచ్చింది, మల్ల అదే వైద్యం. మల్ల దానంతట అదే పోయింది. వాడల ఇంకో ఇద్దరు ముసలోళ్లకు కూడ ఇదే వైద్యం చెప్పిండు. వాళ్లకు ఏ నొప్పి లేకున్నా సంతోషంగ మొదలుపెట్టిండ్రు.

పోయిన దసరాకు ఇంక వారం ఉందనంగ కట్టంగూర్ల మా మేనత్త సుమన ఇంట్ల తొట్టెల పండుగ. మనుమరాలు పుట్టిందని తాతకు పట్టరాని సంతోషం. వియ్యంకులు తలకాయ కూర పెట్టిండ్రు, బోటి పెట్టిండ్రు, చల్లటి బీర్లు పెట్టిండ్రు. పెట్టినోళ్లను చిన్నబుచ్చొద్దని తాత అన్నింటికీ మర్యాద చేసిండు. ఎండల తిరిగి, నీళ్లు మటుకు గుక్కెడే తాగిండు. బస్సుల వచ్చేటప్పుడు చిట్యాల దాక మంచిగనే పాట అందుకున్నడు. ఇంటికొచ్చి పండుకున్నడు.

తెల్లారి లేచేసరికి తాత మంచం మీద కూసొని, కుడికాలును ఎవరిదో కాలును చూసినట్టు చూస్తున్నడు. బొటనవేలు మొదలు ఎర్రగ, నున్నగ, పండిన టమాట లెక్క మెరుస్తుంది. పట్టుకుంటే కాలుతుంది. దుప్పటి అంచు తగిలితే ఇంటి పైకప్పు లేచిపోయేటట్టు మొత్తుకున్నడు. పక్కన ఈగ వాలితే దాన్ని తిట్టిండు. నేను దగ్గరికి పోయి నిలబడితే, నడవకు, నేల అదురుతుంది అన్నడు.

అవ్వ జిల్లేడాకులకు ఆముదం రాసి, పెనం మీద వేడి చేసి తెచ్చింది. అది వేలు మీద పెట్టినప్పుడు తాత పెట్టిన కేకకు మా బర్రె దూడ తాడు తెంపుకొని పోయింది. అది సాయంత్రం దొరికింది. అవ్వ తమ్ముడు మల్లప్ప తాత నాలుగిండ్ల అవతల్నే ఉంటడు, ఆ కేకకు ఆయన ఉరికొచ్చిండు. వేడి సరిపోలేదు, ఇటుక కాల్చి పెట్టాలె అన్నడు. అది కాకుంటే వేలును పట్టుకొని గట్టిగ గుంజితే లోపల పట్టింది వదులుతది అని చెయ్యి ముందుకు పెట్టిండు. తాత మంచం కింద ఉన్న చేతికర్ర తీసి చూపించిండు. మల్లప్ప తాత చెయ్యి వెనుకకు తీసుకున్నడు.

కూసున్నంక మల్లప్ప తాత మెల్లగ అసలు ముచ్చట తీసిండు. బావా, దసరా దగ్గరకొచ్చింది గదా, నువ్వు గొంతుక్కూసోలేవు, కత్తి పట్టలేవు, మరి ఎట్ల అన్నడు. చికెన్ సెంటర్ విజేందర్ అప్పుడే పదిమందితోని అంటున్నడట. గాలయ్య పెద్దయ్యకు చేతకాకుంటే ఈసారి పోగులెందుకు, నా కాంటా తెస్త, ఇంటికింత అని తూచి కవర్లల్ల పోసి ఇస్త, అర్ధగంటల పని అయితది అని. లేకుంటే నేనే వేద్దును, ఏం చేస్తం, వాడ కోసం తప్పదు గదా అని మల్లప్ప తాత గదువ గీక్కున్నడు.

ఆయన పోయినంక తాత తన కత్తి తెమ్మని, దాని పిడిని అరచేత్తోటి తుడుచుకుంట కూసున్నడు. వేలు నొప్పిని కూడ మర్చిండని నాకు భయమైంది. ఏమైంది తాత అంటే, "ఒక్క ఏడు తప్పితే ఇగ పిలువరు బిడ్డా. గురవయ్యను మల్ల ఎవలన్న పిలిచిండ్రా?" అన్నడు.

అప్పుడు అవ్వ చీర మార్చుకొని వచ్చింది. ఆటో పిలువుమని నాకు చెప్పింది. దవాఖాన అనంగనే తాత వద్దన్నడు. ఫ్లోరైడ్‌కు దవాఖానల మందు లేదన్నడు. అవ్వ ఆయన చెప్పులల్ల ఎడమకాలి చెప్పు ఒక్కటే తెచ్చి ముందట పెట్టింది. ఇంకోటి ఎట్లాగు తొడుక్కోలేవు, పా అన్నది.

డాక్టరమ్మ పేరు మంజులత. వేలును ముట్టుకోకుంటనే వంగి చూసి, ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు వచ్చిందా, జ్వరముందా, వేలికి దెబ్బ తగిలిందా, పుండున్నదా అని అడిగింది. తాత అన్నింటికీ ఒకటే జవాబు, నీళ్లమ్మా, మా అన్నకు కూడ ఇవే నీళ్లు. ఆమె నవ్వలేదు. మీ అన్నకు వచ్చింది నీళ్లతోటే, అది నిజమే అన్నది. కానీ అది ఏండ్లకేండ్లు మెల్లగ నడుమునూ మెడనూ బిగబడుతది, రాత్రి మంచిగ పండుకున్నోనికి తెల్లారేసరికి ఒక్క బొటనవేలు మండదు. దీన్ని గౌట్ అంటరు. రక్తంల యూరిక్ యాసిడ్ అని ఒకటుంటది, అది పెరిగితే సన్నటి సూదుల లెక్క గడ్డకట్టి కీలుల చేరుతది, ఎక్కువ మందికి బొటనవేలు కాడనే మొదలైతది అని చెప్పింది. సూదులు అన్న మాట తాతకు నచ్చింది. అవునమ్మా, సూదులే అన్నడు.

మరి నిన్న ఏం తిన్నవ్ తాత అని అడిగింది డాక్టరమ్మ. తాత కొంచెం ఆలోచించి, జొన్న గటక, పచ్చిపులుసు అన్నడు. అవ్వ ఆయన దిక్కు చూడకుంట, గోడ మీద ఉన్న క్యాలెండర్ దిక్కు చూసుకుంట, తలకాయ, బోటి, బీర్లు అన్నీ చెప్పింది. షోర్వా వైద్యం చెప్పింది. కార్జం సంగతి కూడ చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. తాత తల దించుకొని, బీరు నేను తాగుడుకు తాగలేదమ్మా, కడుగుడుకు తాగిన అన్నడు. అప్పుడు మటుకు ఆమె నవ్వింది.

నీకు ఏవి మందు అనుకున్నవో అవే దాన్ని పెంచినయ్ తాతా అన్నది. నొప్పి దానంతట అది కొన్నాళ్లకు తగ్గుతది గనుక నీ వైద్యమే తగ్గించింది అనుకున్నవ్. అంతే. తాత రోజూ మింగే బీపీ గోలీలు చూపించుమని, కొన్ని బీపీ గోలీలతోటి కూడ ఇది పెరుగుతది అని చెప్పి, రక్తం తీయించింది. కిడ్నీలు ఎట్లున్నయో చూసినంకనే నొప్పి గోలీలు రాసింది. అవి అన్నం తిన్నంకనే వేసుకోవాలె, ఎక్కువ వేసుకోవద్దు, మెడికల్ షాపుల అడిగి ఇంకోటి కలపొద్దు అని తాతకు చెప్పకుంట అవ్వకు చెప్పింది. వేడి కాపడం, నూనె రుద్దుడు, గుంజుడు అన్నీ బంద్. చల్లటి బట్ట చుట్టాలె, కాలు ఎత్తు మీద పెట్టాలె, నడవొద్దు. నీళ్లు బాగ తాగాలె. బీరు, బోటి, తలకాయ, కాళ్ల షోర్వా ముట్టొద్దు. కార్జం అన్నింటికంటె ముందు ముట్టొద్దు.

తాతకు వీటిల్ల ఏదీ పట్టలేదు. దసరాకు కత్తి పట్టొచ్చునా అని ఒక్కటే అడిగిండు. ఎట్ల పడుతవో చూపించు అన్నది ఆమె. తాత ఎడమకాలు ముందుకు చాపి, ఆమె కలాన్ని రెండు వేళ్ల నడుమ నిలబెట్టి చూపించిండు. ఆమె ఆ కలాన్ని తాతకే ఉంచుకొమ్మని ఇచ్చేసింది. నొప్పి తగ్గొచ్చు, కానీ ఆ వేలుకు అంత బరువు ఈసారి పనికిరాదు, కుర్చీల కూసునుడు వరకైతే సరే అన్నది.

ఇంటికొచ్చినంక వైద్యం నడిచింది. అవ్వ రెండు దిండ్లు వేసి కాలు మీదికి పెట్టించింది. ఫ్రిజ్‌ల నీళ్లు గడ్డ కట్టించి, పాత తువాలల చుట్టి, కాసేపు పెట్టుడు, కాసేపు తీసుడు. మొదటిసారి చల్లటి బట్ట తగిలినప్పుడు తాత పండ్లు కొరికిండు, తర్వాత మెల్లగ కండ్లు మూసి, జర ఉండనియ్యి అన్నడు. దుప్పటి తగిలితే ఓర్వడు, దుప్పటి లేకుంటే దోమలకు ఓర్వడు. అవ్వ పోయి కోళ్ల గంప తెచ్చి కాలు మీద బోర్లించి, దాని మీద దుప్పటి కప్పింది. దుప్పటి గంప మీద నిలబడ్డది, వేలు లోపల హాయిగ పండుకున్నది. కోడిపెట్ట ఒకటి తన గంపను ఎవలు గుంజుకున్నరా అని వచ్చి మంచం చుట్టు తిరుగుతుంటే, పొదుగుతున్న దాన్ని కదపొద్దు, పిల్లలైనంక ఇస్తం అని నేను దానికి చెప్పిన. తాత కర్ర కోసం వెతికిండు, అది నేను ముందే తీసి దాచిన.

నీళ్ల చెంబు పక్కన పెట్టి, ఖాళీ అయితే నింపుడు నా పని. తాగుడుకంటె లేచి పోవుడు కష్టమైతుందని తాత గొణిగేటోడు. ఇదే నీళ్లు తాగకుంట బీరెందుకు తాగినవ్ అంటే, నీళ్లకు అంత మర్యాద ఏముంటది అన్నడు. గోలీలు పడ్డంక రెండు రోజులకు వేలు ఎరుపు తగ్గింది. సద్దుల బతుకమ్మ నాటికి గోడ పట్టుకొని వాకిట్లకు వచ్చి ఆడోళ్ల పాటలు విన్నడు. తోలు పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది, అది మంచి గుర్తే అని డాక్టరమ్మ ఫోన్ల చెప్పింది. కానీ వేలు వంచితే మటుకు ఇంకా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఒకనాడు తాత ఎవలు లేరనుకొని గుంజకు ఆనుకొని మెల్లగ గొంతుక్కూసోబోయిండు. సగం దాక వంగి, ఆగి, మల్ల నిలబడ్డడు. నేను చూడనట్టు చెంబు తోముకున్న.

ఈ నడుమల అవ్వ ఒక పని చేసింది. బతుకమ్మ ఆడేటప్పుడు వాడల ఆడోళ్లందరికీ కార్జం తింటే ఈయన వేలు మల్ల లేస్తది అని చెప్పింది. ఆమె చెప్పింది ఒక్క గంటల మొగోళ్లకు చేరింది. ఇగ వాడంతటికీ ఒకటే ముచ్చట, గాలయ్య కార్జం అందుకుంటడా లేదా. అందుకుంటే అవ్వతోటి ఏగలేడు. అందుకోకుంటే ఆ పని పోయినట్టే. మల్లప్ప తాత అప్పుడే కత్తి నూరిస్తున్నడని కూడ తెలిసింది.

దసరానాడు పొద్దుగల తాత తలస్నానం చేసి, తెల్ల ధోతి కట్టి, నా స్కూటీ వెనుక ఒక దిక్కు కూసొని, కుడికాలు గాలిల చాపుకొని స్కూలు కాడికి వచ్చిండు. ఆ కాలుకు ఎదురొచ్చేటోళ్లు తగలకుంట నేను దారి పొడుగూత హారన్ కొట్టిన. గచ్చు మీద టార్పాలిన్ పరిచి ఉన్నది. ఈసారికి వాడ పిల్లగాండ్లే యాటను కోసి వేలాడదీసిండ్రు. విజేందర్ కాంటా తెచ్చి, దాని మీద తువాల కప్పి, పక్కన నిలబడ్డడు. ఊకెనే తెచ్చిన పెద్దయ్యా, అవసరం పడితే ఉంటదని అన్నడు. తాత కాంటా దిక్కు చూడలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేయించుకొని కూసున్నడు, కూల్‌డ్రింక్ సీసాల డబ్బా బోర్లించి దాని మీద కాలు పెట్టిండు. పుల్ల ఒకటి చేతుల పట్టిండు.

"మల్లిగా, కూసో. కత్తి పట్టు. కోసేది నీ వేలు, వేసేది నా కన్ను" అన్నడు.

మల్లప్ప తాత అట్లా ఇట్లా చూసి కూసున్నడు. కత్తి వేళ్ల నడుమ ఇరికించిండు. ఆయన కోత ఆయనది. ముక్కలు అరచెయ్యంత పడుతున్నయ్. తాత పుల్లతోటి చూపించుకుంట, ఇది రెండు చెయ్యి, ఇది మూడు చెయ్యి, అది ముక్కనా, మేక మిగిలిన సగమా అంటున్నడు. మల్లప్ప తాత కత్తి ఒకసారి కదిలి జారింది. నీ వేలుకు జర నూనె రాయకపోయినవా అన్నడు తాత. నూనె రాసిన వేలు ఏమైందో చూస్తనే ఉన్న బావా అన్నడు మల్లప్ప తాత. చుట్టు ఉన్నోళ్లు నవ్విండ్రు. తాత కూడ నవ్విండు, నవ్వితే కాలు అదిరి మల్ల మొఖం ముడుచుకున్నడు.

పోగులు ఒక్కొక్కటి లేసినయ్. తాత కుర్చీల ముందుకు వంగి, దీంట్ల సీనా తక్కువైంది, దాంట్ల కొవ్వు ఎక్కువైంది, ఆ బొక్క ఇటు, ఈ బోటి అటు అని పుల్ల తిప్పుతనే ఉన్నడు. మల్లప్ప తాత మోకాళ్ల మీద పాకి సర్దుతనే ఉన్నడు. చివరికి ఒకాయన వీపు తిప్పి కూసున్నడు. ఇదెవరిది అని తాత, పేరు చెప్పుకుంట ఆయన. విజేందర్ వాళ్లింటికి మంచి తొడ ముక్క పడ్డ పోగు వచ్చింది. ఆయన కాంటా ఎత్తుకొని చంకల పెట్టుకొని, ఇంకో చేత పోగు పట్టుకున్నడు. ఇంటికి పోయి తూచుకున్నడో లేదో నాకు తెల్వదు.

ఇగ మిగిలింది కార్జం. మోదుగాకుల పెట్టి, వాడ పెద్దమనిషి తెచ్చి తాత ముందట పట్టిండు. అందరు దగ్గరికి జరిగిండ్రు. అవ్వ స్కూలు గోడ కాడ నిలబడి, కొంగు నోట్ల పెట్టుకొని చూస్తుంది. మల్లప్ప తాత కత్తి కింద పెట్టి, చేతులు టార్పాలిన్‌కు తుడుచుకొని, లేచి నిలబడ్డడు. చేతులైతే బాగనే తుడుచుకున్నడు. తాత ఆ ఆకు దిక్కు చూసిండు, అవ్వ దిక్కు చూసిండు. తర్వాత తన కాలు దిక్కు చూసుకున్నడు. ఆ కాసేపట్ల ఆయన మొఖం చూస్తే నాకు ఎప్పటి లెక్క ఎక్కిరించబుద్ధి కాలేదు.

తాత రెండు చేతులు చాపి కార్జం అందుకున్నడు.

అవ్వ కొంగు నోట్లకెల్లి తీసింది. ఆమె నోరు తెరిచే లోపల్నే తాత ఒక పీట అడిగి, ఒళ్ల పెట్టుకొని, చిన్న కత్తి తీసుకొని కార్జాన్ని సన్నటి ముక్కలు చేసుడు మొదలుపెట్టిండు. ఆ ముక్కలు ఆకుల వేసి మల్లప్ప తాత చేతుల పెట్టిండు. "నేను అందుకున్న. ఇది నాది. నాది గనుక నా ఇష్టం. పోగుకొక ముక్క వెయ్యి మల్లిగా, ఏ ఇల్లు తప్పొద్దు" అన్నడు.

అప్పటికే కొందరు పోగులు ఎత్తుకున్నరు. కవర్లు తెరిచి పట్టుకొని మల్ల వరుసల నిలబడ్డరు. మల్లప్ప తాత ఒక్కొక్క కవర్‌ల తన చేతుల్నే ఒక్కొక్క ముక్క వేసుకుంట పోయిండు. ఆ ఒక్కొక్క ముక్క వేస్తున్నప్పుడు ఆయన మొఖం చూసుడు ఉన్నది చూడండ్రి, ఆ రోజు అసలు పండుగ అదే. మా ఇంటి కవర్‌ల మటుకు అవ్వ ముక్క వేయనియ్యలేదు. అది తిరిగి మల్లప్ప తాత ఇంటికే ఎక్కువ వేయించింది, తమ్ముడు గదా.

సాయంత్రం జమ్మి. ఊరోళ్లంత జమ్మి ఆకు చేతుల పెట్టి పెద్దోళ్ల కాళ్లు మొక్కుతరు. మామూలుగనైతే తాత అరుగు మీద కాళ్లు కిందికి జారేసుకొని కూసుంటడు. ఆ రోజు అవ్వ ఆయనను గడప లోపల కూసోపెట్టి, కుడికాలు లోపలికి, ఎడమకాలు బయటికి పెట్టించింది. వచ్చినోళ్లందరు ఎడమకాలికే మొక్కిండ్రు. రెండు కాళ్ల దీవెన ఒక్క కాలే ఇచ్చుడు కష్టమైతున్నదని తాత అన్నడు. విజేందర్ కూడ వచ్చి మొక్కి, వచ్చే ఏడు యాటను నేనే చూసి తెస్త పెద్దయ్యా అన్నడు. కాంటా మాట ఎత్తలేదు.

ఆ తర్వాత తాత మల్ల దవాఖానకు పోయిండు. నొప్పి మొత్తం పోయినంక డాక్టరమ్మ రక్తం మల్ల చూసి, రోజూ వేసుకునే గోలీ ఒకటి మొదలుపెట్టింది. నొప్పి లేదని అది ఆపొద్దని గట్టిగ చెప్పింది. నడుమల ఒకసారి వేలు మల్ల సురుక్కుమన్నది, మొదట్ల అట్ల ఉంటదని ఆమె ముందే చెప్పింది గనుక తాత ఈసారి షోర్వా అడగలేదు, గంప తెమ్మన్నడు. బీరు బంద్ చేసినట్టే ఉన్నడు. నీళ్లు తాగుతున్నడు. తన వైద్యం నమ్మి బీరు మొదలుపెట్టిన ముసలోళ్ల ఇండ్లకు పోయి, బంద్ పెట్టుండ్రని చెప్పొచ్చిండు. వాళ్లు వినలేదు. ఎవలికన్న కాలు నొచ్చిందంటే ఇప్పుడు ఫ్లోరైడ్ అని ముందే అనడు. ఏ వేలు, ఎప్పటిసంది, నిన్న ఏం తిన్నవ్ అని డాక్టరమ్మ లెక్కనే అడుగుతడు, తర్వాత దవాఖానకు పా అంటడు.

ఊర్ల మటుకు ఆ కార్జం ముచ్చట ఇంకా నడుస్తనే ఉన్నది. గాలయ్యది గొప్ప మనసు, తన ముక్క అందరికి పంచిండు అంటరు కొందరు. పెండ్లాం మాట జవదాటలేదు అంటరు ఇంకొందరు. ఈ ముచ్చట రాద్దామని కూసున్నప్పుడు నాకు రెండిట్ల ఏది రాయాల్నో తెల్వలేదు. తాత పక్కన కూసొని మెల్లగ అడిగిన, నిజం చెప్పు తాత, వాడ మీద ప్రేమతోటి పంచినవా, అవ్వకు భయపడి పంచినవా అని.

తాత నా దిక్కు కూడ చూడలేదు.

"రెండూ కాదే. మల్లిగానికి దక్కొద్దని పంచిన. గదే రాయి."